షేడ్‌నెట్‌కు వెయ్యి గంటల ఎండ: ఒక టెస్టింగ్ ల్యాబ్ సేవలపై సమీక్ష

కడియం నర్సరీలకు మొక్కలకు నీడనిచ్చే పచ్చటి ప్లాస్టిక్ వల (షేడ్‌నెట్) నేసి పంపే చిన్న యూనిట్ మాది. ఎండకు వల పాడవకుండా ప్లాస్టిక్‌లో కలిపే యూవీ మాస్టర్‌బ్యాచ్‌ను వేరే కంపెనీ నుంచి కొనడం మొదలుపెట్టాక, కొత్త సరుకు ఎన్నాళ్లు నిలుస్తుందో చూడటానికి మూడు వేసవులు ఆగలేము కనుక, ఒక ప్రైవేటు ల్యాబ్‌లో వెదరింగ్ పరీక్ష, అంటే ఛాంబర్‌లో దీపాల వెలుగు, వేడి, చెమ్మలతో ఎండావానల దెబ్బను త్వరగా చూపే పరీక్ష చేయించాము.

మొదటి రిపోర్టు చూసి ఆశ్చర్యపోయాము. కొత్త వలతో పాటు, నర్సరీల్లో మూడేళ్లు నిక్షేపంగా నిలిచిన మా పాత రకం కూడా పొడిపొడి అయిందని అందులో ఉంది. ఏ దీపం వాడారో మాత్రం లేదు. ఆరా తీస్తే యూవీబీ-313 అనే అతినీలలోహిత దీపమని తేలింది. నేలకు చేరే ఎండలో దాదాపు 295 నానోమీటర్ల కంటే పొట్టి కిరణాలు ఉండవు. ఆ దీపం వెలుగులో ఉంటాయి కనుక, ఆరుబయట ఎన్నడూ జరగని నష్టాన్ని కూడా అది చూపించగలదు.

అభ్యంతరం చెప్పగానే, అదనపు రుసుము అడగకుండా ఎండలోని అతినీలలోహిత కిరణాలకు దగ్గరగా వెలుగిచ్చే యూవీఏ-340 దీపాలతో మళ్లీ చేశారు. 60 డిగ్రీల వద్ద 8 గంటలు వెలుగు, 50 డిగ్రీల వద్ద 4 గంటలు చీకట్లో చెమ్మ, ఇలా మొత్తం 1000 గంటలు, అంటే సుమారు 42 రోజులు. ఈసారి తేడా చేతికే తెలిసింది: కొత్త వల టేపును గోటితో గీస్తే తెల్లటి పొడి రాలింది, మడిస్తే పుటుక్కున తెగింది, పాతది కొద్దిగా వెలిసినా లాగితే సాగింది. కార్బన్ బ్లాక్ అనే నల్ల పొడి కలిపిన నల్ల వల చెక్కుచెదరలేదు, అది మేము అనుకున్నదే.

ల్యాబ్ ప్రతినిధి మాత్రం వెయ్యి గంటలంటే ఇన్నేళ్లని లెక్క కట్టి చెప్పబోయారు. అటువంటి స్థిరమైన లెక్క లేదు. పైగా బూడిద తెగులుకు చల్లే గంధకం పచ్చ వలను ఎండ నుంచి కాపాడే హాల్స్ స్టెబిలైజర్ అనే రసాయనాన్ని దెబ్బతీస్తుంది. ఆ గంధకం ఛాంబర్‌లో ఎక్కడిది? పాత, కొత్త రకాలను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి ఈ సేవ బాగా పనికివస్తుంది. కొనుగోలుదారుకు గ్యారంటీ రాసివ్వడానికి పనికిరాదు.

కొలతలు, ఫొటోలు శ్రద్ధగా ఇచ్చారు, నమూనాలు తిరిగి పంపారు. రంగు వెలిసే సంగతి తేలాలంటే కంటికి కనిపించే వెలుగు కూడా పడాలి కనుక, ఆ పరీక్షను జెనాన్ దీపంతో చేయించబోతున్నాము. ఈసారి దీపం రకాన్ని ఆర్డరులోనే రాయించాము.