టేపు యాగీతో నక్క వేట: కోనసీమ తోటల్లో కొన్నేళ్ల వాడకం

హ్యామ్ (అభిరుచి రేడియో) క్లబ్బులో ఫాక్స్ హంట్, అంటే దాచిపెట్టిన చిన్న ట్రాన్స్‌మిటరుని (అదే నక్క) సిగ్నలు పట్టుకుని వెతికే ఆట, పెడుతున్నామనగానే కొత్తవాళ్లు అడిగే మొదటి మాట యాంటెన్నా గురించే. మా దగ్గర నడుస్తున్నది ఒకటే: కొలతల టేపు ముక్కలు, పీవీసీ పైపుతో కట్టే మూడు ఎలిమెంట్ల (రేకుల) యాగీ, అంటే ఒక దిక్కునే బాగా వినే యాంటెన్నా. అమలాపురం చుట్టుపక్కల కొబ్బరితోటల్లో, ఏటిగట్ల మీద, అంతర్వేది ఇసుకలో వాడాం. రెండు మీటర్ల బ్యాండులో (145 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) నక్కని పట్టడానికి ఇంతకు మించి కొనాల్సిందేమీ లేదు. కాకపోతే ఎక్కడో పొడి ఊళ్లో కట్టినట్టు కడితే మన ఉప్పుగాలికి ఒక్క సీజనే.

కొలతలివి. రిఫ్లెక్టరు (వెనక రేకు) 105 సెం.మీ., డ్రివెన్ ఎలిమెంటు (కేబులు తగిలించే నడిమి రేకు) రెండు ముక్కలు ఒక్కోటి 45, డైరెక్టరు (ముందు రేకు) 89. రిఫ్లెక్టరుకీ డ్రివెన్‌కీ మధ్య 20.3, అక్కణ్ణుంచి డైరెక్టరుకి 31.8. మొత్తం 2.84 మీటర్లే కదా అని 3 మీటర్ల టేపు కొంటారు. కొక్కెం వైపు కొసా, డబ్బాలో చుట్టుకుపోయిన కొసా తీసేస్తే చాలదు, పైగా ఆ సైజులో వచ్చేవి సన్నం. 5 మీటర్లది, 25 మి.మీ. వెడల్పున్నది తీసుకోండి. సన్నటి టేపు సముద్రం ఒడ్డున గాలికి మధ్యలో మడతపడిపోతుంది, ఒకసారి మడతపడ్డ చోట మళ్లీ నిలబడదు.

డ్రివెన్ ముక్కల మధ్య 12.7 సెం.మీ. గట్టి రాగితీగని యూ ఆకారంలో వంచి టంకం వేయాలి. ఎస్‌డబ్ల్యుఆర్ (యాంటెన్నా నుంచి సెట్టుకి తిరిగొచ్చే శక్తిని చూపే కొలత) కిందికి తెచ్చేది ఇదే. వినడానికి మాత్రమైతే ఇది లేకపోయినా పెద్ద నష్టం లేదు, తిరిగి మాట్లాడాలంటే మాత్రం ఉండాల్సిందే.

పాడయ్యేదీ ఇక్కడే. టేపు మీద రంగూ, నైలాన్ పూతా గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకాలి. 25 వాట్ల ఐరన్‌తో టంకం పైపైన అంటుకుంటుంది తప్ప పట్టదు. 60 వాట్లది కావాలి, ఫ్లక్స్ ధారాళంగా వాడాలి. వర్షాకాలం దాటేసరికి కత్తిరించిన అంచుల నుంచి తుప్పు టంకం కిందికి పాకుతుంది. చూడ్డానికి అతుకు బాగానే ఉంటుంది, యాంటెన్నా ఊపితే సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. టంకం వేసిన వెంటనే అంచులకీ అతుకులకీ గోళ్ల రంగు రెండు పూతలు వేయడం మాకు బాగా పనిచేసింది. బిగించే క్లిప్పులు స్టెయిన్‌లెస్‌వే కొనండి.

బావోఫెంగ్ యూవీ-5ఆర్ రకం చేతి సెట్లకి (హ్యాండీలకి) సెట్టు మీద ఉండేది ఎస్ఎంఏ (చిన్న మర కనెక్టరు) మేల్, కేబులుకి ఫిమేల్ ఉండాలి. మందపాటి ఆర్‌జీ-58 కేబులుని నేరుగా తగిలిస్తే ఆ బరువుకి సాకెట్టు వదులవుతుంది. చివర జానెడు సన్నటి ఆర్‌జీ-174 ముక్క వేయండి.

ఇక వేట. నక్క యాంటెన్నా నిలువుగా ఉంటే యాగీ రేకులూ నిలువుగానే ఉండాలి. అడ్డంగా పట్టుకుంటే సిగ్నలు బాగా పడిపోయి దిక్కు తారుమారవుతుంది. మొదటిసారి వచ్చేవాళ్లంతా టీవీ యాంటెన్నా అలవాటుతో అడ్డంగానే పట్టుకుంటారు! సిగ్నలు ఎక్కువొచ్చే దిక్కు వెడల్పుగా ఉంటుంది, దాన్ని నమ్మితే గురి బాగా తప్పుతుంది. వెనక్కి తిప్పి, సిగ్నలు పూర్తిగా చచ్చే చోటు చూసుకోవడం మేలు. దిక్సూచిని టేపుకి మీటరు దూరంలో పెట్టి చూడాలి, ఉక్కు దగ్గరుంటే ముల్లు పక్కకి లాగేస్తుంది.

దగ్గరికొచ్చాక అసలు చిక్కు. చౌక హ్యాండీల్లో సిగ్నలు మీటరు కడ్డీలు ఎటు తిప్పినా నిండుగానే ఉంటాయి. అందుకు ఆఫ్‌సెట్ అటెన్యుయేటరు (సిగ్నలుని వేరే ఫ్రీక్వెన్సీకి జరిపి, కావాల్సినంత తగ్గించే చిన్న సర్క్యూటు) కట్టుకోవాలి: 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటరు, ఒక డయోడు, ఒక పొటెన్షియోమీటరు. నక్క 145.250లో ఉంటే సెట్టు 149.250కి పెట్టి, నాబు తిప్పుతూ తగ్గించుకుంటూ పోవడమే. అది లేనివాళ్లు సెట్టుని 10 కిలోహెర్ట్జ్ పక్కకి జరిపి వినొచ్చు. లేదా హ్యాండీని ఛాతీకి ఆనించి చుట్టూ తిరిగితే, సిగ్నలు బాగా తగ్గిన క్షణంలో నక్క మీ వీపు వెనక ఉన్నట్టు.

తడిసిన కొబ్బరిమట్టలు ఈ ఫ్రీక్వెన్సీని బాగా మింగుతాయి. తోటలోపల నిలబడి తీసిన దిక్కు కంటే ఏటిగట్టెక్కి తీసింది నమ్మకం. ఇనుప వంతెన, చెరువుగట్టు రేకుల షెడ్డు, కరెంటు తీగల దగ్గర ప్రతిబింబాలు వస్తాయి. నాలుగడుగులు జరిగితే దిక్కు మారిపోయిందంటే అది అబద్ధపు దిక్కే. లంకల వైపు పెట్టినప్పుడు మ్యాపు మీద దిక్కు గీత సరిగ్గానే పోతుంది, మధ్యలో పాయ అడ్డొస్తుంది. పంటు ఎప్పుడుందో కనుక్కోకుండా నక్కని అవతలి ఒడ్డున దాచే నిర్వాహకులకి దణ్ణం. వేసవిలో కాలువలు కట్టేశాక అడ్డంగా దాటొచ్చు గానీ ఎండ. సంక్రాంతికి అటూ ఇటూ రోజులే హాయి.

నక్క 1 వాట్‌తో 30 సెకన్లు పలికి నిమిషంన్నర ఆగాలి. ఆపకుండా పలికిస్తే హ్యాండీ కాలుతుంది, బ్యాటరీ మధ్యాహ్నానికే పోతుంది. ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి; స్టీలు డబ్బాలో పెడితే సిగ్నలు బయటికి రాదు. కాల్‌సైన్ (స్టేషను గుర్తు) ప్రతిసారీ రావాలి. నియమం ఒక్కటే కాదు, తీరంలో ఉదయం పూట డక్టింగ్ (గాలి పొరల్లో సిగ్నలు చాలా దూరం పోవడం) ఉంటే ఎక్కడో దూరపు స్టేషను అదే ఫ్రీక్వెన్సీలో వినబడి జనం దాని వెంట పడతారు. నక్క లైసెన్సున్నవారి పేరునే పలకాలి.

ఆగస్టులో లైట్‌హౌస్‌ల నుంచి హ్యాములు మాట్లాడే వారాంతానికీ, అక్టోబరులో స్కౌట్ల రేడియో పండగ జోటాకీ ఎక్కువ పని హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) మీదే, అక్కడ దీనికి పెద్దగా పనిలేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800లో చిత్రాలు పంపే రోజుల్లో మాత్రం బడిపిల్లల ముందు ఇదే హీరో. గురి వెడల్పు ఎక్కువ కాబట్టి చేత్తో తిప్పినా చాలు, డాప్లర్‌కి (కేంద్రం వేగానికి ఫ్రీక్వెన్సీ జరగడం) 5 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ రెండు మెమరీలు పెట్టుకోండి.

బైకు మీద మోసేటప్పుడు రేకులు వెనక్కి మడిచి గుడ్డపీలికతో కట్టండి. రబ్బరు బ్యాండు ఎండకి టేపుకే అతుక్కుపోతుంది.