పద్యానికి ఎడమ అంచు, పద్దుకు కుడి అంచు: లిబ్రేఆఫీస్ రైటర్‌తో నా అనుభవం

ఉత్తరాలు, వ్యాసాలు టైపు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ రైటర్‌ను నేను 2014 నుంచి దాదాపు ప్రతిరోజూ వాడుతున్నాను. మా సాహితీ సమితి ఉత్తరాలు, మూడు నెలలకొకసారి వెలువరించే చిన్న సంచిక, ఏడాది చివర సభ్యుల ముందుంచే జమాఖర్చుల పట్టిక అన్నీ ఇందులోనే తయారవుతాయి. పేరాను ఎడమకు చేర్చాలా, కుడికి చేర్చాలా, రెండు అంచులకూ సరిపెట్టాలా అన్న దగ్గరే నాకు ఎక్కువ సమయం పట్టేది. అందుకే ఈ సమీక్షను ఆ ఒక్క అంశానికే పరిమితం చేస్తున్నాను.

మొదటి పాఠాలు తేలికైనవే. కంట్రోల్ మీటతో పాటు ఎల్ నొక్కితే పేరా ఎడమకు, ఆర్ నొక్కితే కుడికి, ఇ నొక్కితే నడిమికి చేరుతుంది. జె నొక్కితే రెండు అంచులకూ సరిపడుతుంది; దీన్నే జస్టిఫై అంటారు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోనూ ఇవే మీటలు కనుక అటునుంచి వచ్చినవారు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు.

అసలు చిక్కు ఉత్తరం మొదలుపెట్టగానే ఎదురవుతుంది. ఊరు, తేదీ పై భాగంలో కుడివైపున ఉండాలి. వాటిని కుడికి అలైన్ చేస్తే చివరి అక్షరాలు ఒక వరుసలో నిలుస్తాయి గానీ, మొదటి అక్షరాలు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. మన ఉత్తరాల్లో కంటికి అలవాటైన రూపం అది కాదు. ఊరి పేరు, దాని కింద తేదీ ఒకే చోట మొదలవ్వాలి. కుడి అంచుకు ఆనించడం వేరు, కుడివైపు కూర్చోబెట్టడం వేరు అని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ రెండు వరుసలనూ ఎడమ అలైన్‌మెంట్‌లోనే ఉంచి, ఎడమ ఇండెంట్‌ను, అంటే అంచు నుంచి పేరా లోపలికి జరిగే దూరాన్ని, 11 సెంటీమీటర్లకు పెంచుతున్నాను. చివర వచ్చే "ఇట్లు", సంతకం, హోదా కూడా ఇలాగే చక్కగా కుదురుతాయి.

జమాఖర్చుల విషయంలో మాత్రం కుడి అంచు తప్పనిసరి. మొదట్లో నేను అంకెలను స్పేస్ బార్‌తోనే నెట్టుకుంటూ ఒకదాని కింద ఒకటి నిలబెట్టేదాన్ని. ఒక ఏడాది ఆ ఫైలును అచ్చుకు పంపితే, అక్కడి కంప్యూటర్‌లో నేను వాడిన మండలి ఫాంట్ లేకపోవడంతో అక్షరాల వెడల్పులు మారిపోయి, 1,25,000 ఒక చోట, 850 మరో చోట చెల్లాచెదురయ్యాయి. తెలుగులో ఒక్కో అక్షరానిది ఒక్కో వెడల్పు; "ర" పక్కన "ఘ" పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కాబట్టి స్పేసులు లెక్కపెట్టి వరుస కలపడం ఎప్పటికైనా బెడిసికొట్టేదే. ఇప్పుడు ఖర్చు పేరు ఎడమన ఉంచి, టాబ్ నొక్కి, దశాంశ టాబ్ గుర్తు (అంకెలను దశాంశ బిందువు దగ్గర నిలిపే గుర్తు) దగ్గర అంకె వేస్తున్నాను. రూపాయలు, పైసలు బిందువు దగ్గర వాటంతట అవే కలుస్తాయి. మధ్యలో చుక్కల వరుస కావాలన్నా టాబ్ అమరికల్లోనే దొరుకుతుంది.

నాకు ఈ సాఫ్ట్‌వేర్ మీద ప్రేమ పెరిగింది పద్యాల దగ్గర. చాలామంది పద్యాన్ని పేజీ నడిమికి చేర్చి అచ్చు వేస్తారు; కంద పద్యానికి అది అన్యాయమని నా అభిప్రాయం. కందంలో మొదటి, మూడో పాదాలకు 12 మాత్రలు (ఉచ్చారణ కాలపు కొలత), రెండో, నాలుగో పాదాలకు 20 మాత్రలు ఉంటాయి. నడిమికి చేర్చినప్పుడు పొట్టి పాదాలు లోపలికి జరిగి, ప్రాస స్థానంలోని రెండో అక్షరం వరుస తప్పుతుంది. ఎడమ అంచుకు చేర్చితే నాలుగు ప్రాసాక్షరాలూ ఇంచుమించు ఒకదాని కింద ఒకటి నిలిచి, చదివేవారి కంటికి వెంటనే అందుతాయి. "కం." అన్న గుర్తు అంచులోనూ, పద్యం దానికి కొంచెం లోపలా ఉండాలంటే ఎడమ ఇండెంట్ 1.5 సెంటీమీటర్లు, మొదటి వరుసకు మైనస్ 1.5 సెంటీమీటర్లు పెట్టాలి. "కం." తర్వాత ఒక టాబ్, ప్రతి పాదం చివర షిఫ్ట్‌తో ఎంటర్ నొక్కితే పద్యమంతా ఒకే పేరాగా ఉంటుంది. సీస పద్యంలోని పొడవైన పాదాన్ని రెండుగా విరిచినప్పుడు రెండో సగానికి మరో టాబ్ గుర్తును ఇంకొంచెం లోపల పెట్టుకుంటాను.

అయితే ఆ పేరా పొరపాటున జస్టిఫైలో ఉందంటే పద్యం పాడవుతుంది. షిఫ్ట్ ఎంటర్‌తో ముగిసిన వరుసను కూడా రైటర్ కుడి అంచుదాకా సాగదీస్తుంది గనుక, మూడు మాటలున్న పాదంలో మాటకూ మాటకూ మధ్య వేలెడు ఖాళీ ఏర్పడుతుంది. ఆప్షన్స్‌లో రైటర్ కింద ఉన్న కంపాటబిలిటీ పేజీలో దీన్ని ఆపుకోవచ్చు. ఇంత అవసరమైన అమరికను అంత లోపల దాచడం నాకు నచ్చలేదు.

వచనానికి కూడా జస్టిఫై అన్నిచోట్లా పనికిరాదు. పేజీ వెడల్పంతా పరుచుకున్న వ్యాసానికి అది హుందాగానే ఉంటుంది. అదే వ్యాసాన్ని రెండు కాలమ్‌లుగా మార్చితే, సంధులతో సమాసాలతో పొడవైన మన మాటలు ఒక్కో వరుసలో మూడో నాలుగో మాత్రమే పట్టి, మధ్యలో నదుల్లాంటి తెల్లని ఖాళీలు తేలతాయి. తెలుగు హైఫనేషన్ నిఘంటువు చేర్చుకుంటే మాటలు అక్షరాల దగ్గర విరిగి ఖాళీలు తగ్గుతాయి. కాని వరుస వరుసకూ చివర అడ్డగీతలు చేరి చదువు కుంటుపడుతుంది. నేను రెండు కాలమ్‌ల పేజీలకు ఎడమ అలైన్‌మెంట్‌నే ఖాయం చేసుకున్నాను.

ఇవన్నీ చేతితో ఒక్కొక్క పేరాకూ చేయకుండా, ఎఫ్11 నొక్కి స్టైల్స్ తెరిచి, "పద్యం", "తేదీ", "పద్దు" అని మూడు పేరాగ్రాఫ్ స్టైళ్లు, అంటే పేరు పెట్టి దాచుకునే అమరికలు, తయారుచేసుకున్నాను. గత సంచికలో 40 పద్యాల ఇండెంట్‌ను ఒక్క చోట మార్చితే అన్నీ మారాయి, మారనివి రెండే. ఎప్పుడో తొందరలో వాటికి విడిగా ఇండెంట్ ఇచ్చి ఉన్నాను; ఆ రెండు పేరాలను ఎంచుకుని కంట్రోల్‌తో ఎం నొక్కగానే చేతితో ఇచ్చిన ఆ అమరిక తొలగి అవీ వరుసలోకి వచ్చాయి.