నరం దొరికింది, పన్నునొప్పి దొరకలేదు

పోయినేడు మా అన్నకు స్టెంటు పడ్డాక ఇంట్లో అందరి కళ్లూ నా మీదే. యాభై ఒకటి నడుస్తోంది, చిక్కడపల్లిలో జిరాక్స్ షాపు, కొలెస్ట్రాల్ ఎప్పుడూ హద్దులోనే. అయినా మా ఆవిడ ఊరుకోదుగా, గుండెకు రిస్క్ ఎంతో చూసే హెచ్‌ఎస్ సీఆర్పీ రక్తపరీక్ష బుక్ చేయించింది. ల్యాబ్ పేరు రాయను.

రక్తం తీసే అబ్బాయికి వంక పెట్టలేం. ఆరున్నరకు అన్నాడు, ఆరూ ఇరవైకే గేటు దగ్గర బండి చప్పుడు. నా చేతిలో నరం దొరక్క ఎంతమంది విసుక్కున్నారో! ఇతను ఒక్క పోటుతో తీశాడు. "దీనికి పరగడుపు అక్కర్లేదంకుల్, ఎవరు చెప్పారు?" అన్నాడు. చెప్పింది వాళ్ల మెసేజే. రాత్రి పెరుగన్నం దండగ్గా మానేశాను.

సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు: లీటరుకు 11.8 మిల్లీగ్రాములు. 1 లోపు తక్కువ, 3 వరకు మధ్యస్థం, దాటితే గుండెకు హై రిస్క్ అని ఎర్రక్షరాల్లో. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. తెల్లారి తొమ్మిదింటికి అదే ల్యాబ్ నుంచి ఫోను. "సార్, ఫుల్ హార్ట్ ప్యాకేజీ మీద ఆఫరుంది."

డాక్టరు గారు రిపోర్టు కన్నా ముందు నా చెంప చూశారు. "ఆ వాపేంటండీ?" కింది దవడ పన్ను, నాలుగు రోజులుగా చీము. సీఆర్పీ కాలేయం తయారుచేసే ప్రొటీనట; ఇన్ఫ్లమేషన్, అంటే ఒంట్లో వాపు, మంట, గుండె రక్తనాళంలో ఉన్నా చిగుళ్లలో ఉన్నా పెరుగుతుందట. 10 దాటితే గుండె లెక్కలోకి తీసుకోరు, జబ్బు తగ్గాక రెండు వారాలైనా ఆగి మళ్లీ చేయిస్తారు. బీపీ, షుగరు, సిగరెట్టు, కొలెస్ట్రాల్ వదిలేసి ఇదొక్కటే చూసి బ్లాకులున్నాయని ఎవరూ చెప్పలేరన్నారు. అలాగని పరీక్ష పనికిరానిదేం కాదు. 2008లో వచ్చిన జూపిటర్ అధ్యయనంలో చెడు కొలెస్ట్రాల్ పెద్దగా లేకున్నా సీఆర్పీ 2, ఆపైన ఉన్న 17,802 మందిని తీసుకున్నారు. కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గాయి.

పన్ను పీకించుకుని, మూడు వారాలాగి మళ్లీ ఇచ్చాను. 1.7. మళ్లీ ఆరు వందల యాభై రూపాయలు.

జ్వరమా, పన్నునొప్పా, దెబ్బేమైనా తగిలిందా అని బుకింగప్పుడే ఒక్క మాట అడిగుంటే ఆ మొదటి సూదే ఉండేది కాదు. ఫోన్‌చేసి చెబితే "నోట్ చేసుకున్నాం సార్" అని మళ్లీ ప్యాకేజీ మొదలెట్టారు. కింద ఇచ్చిన ఐదు స్టార్లూ ఆ అబ్బాయివి. ల్యాబుకు విడిగా ఇచ్చే వీలుంటే రెండు.