ఫ్లోరిడా కీస్‌లో బోటు అద్దెకు తీసుకుంటే: బస ఎక్కడ, బోయాలు ఎలా చదవాలి

ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న దీవుల వరుసే కీస్. మయామీ వైపు నుంచి ఒక్కరోజుకి పగడపు దిబ్బలు చూసి వచ్చేయాలంటే వాటిలో కీ లార్గో దీవి చాలు. 1963లో తెరిచిన పెన్నెక్యాంప్ పార్కులో క్యాంపు స్థలాలు, అద్దె బోట్లు, స్నార్కెల్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటిపైన ఈదే) టూర్లు ఒకేచోట దొరుకుతాయి. సొంత పడవలోనే రాత్రిళ్లు గడిపేవాళ్లకి మారథాన్‌లోని బూట్ కీ హార్బర్ మేలు. అక్కడ పడవ కట్టుకునే 226 మూరింగ్ బోయాలు (నీటిపై తేలే గుర్తులు) ఉన్నా చలికాలంలో ఖాళీ దొరకడం కష్టం.

సముద్రం నుంచి రేవు లోపలికి వస్తుంటే దారి చూపే ఎరుపు గుర్తు కుడిపక్క, ఆకుపచ్చ ఎడమపక్క ఉండాలి. విశాఖ రేవుకి అలవాటుపడ్డ కళ్లకి ఇది తలకిందులు. ఎరుపుకి సరిసంఖ్యలు, ఆకుపచ్చకి బేసిసంఖ్యలు. ఎదురెండలో రంగు తెలియకపోతే ఆకారం చూడండి: ఎరుపు బోయాకి మొన తేలిన తల, ఆకుపచ్చదానికి చదును తల. కీస్‌లో చాలాచోట్ల బోయా బదులు స్తంభమే ఉంటుంది, దానిమీద ఎర్ర త్రికోణమో పచ్చ చతురస్రమో.

తికమక అంతా హాక్ ఛానెల్లోనే, అంటే దీవులకీ పగడపు దిబ్బలకీ మధ్య దారిలో. దీవులకి సమాంతరంగా వెళ్తుంటే ఏది లోపల, ఏది బయట? పడమటి కొసన ఉన్న కీ వెస్ట్ దీవి వైపు వెళ్లడమే ‘లోపలికి’ అనుకోండి, ఎరుపు కుడికే వస్తుంది. దీవులకి అవతల, ఫ్లోరిడా బే వైపున్న ఇంట్రాకోస్టల్ (తీరం వెంబడి పడవల) దారిలోనూ అంతే. ఈ ఇంట్రాకోస్టల్ గుర్తుమీద చిన్న పసుపు త్రికోణం కనిపిస్తే, అసలు రంగు ఏదైనా సరే, ఆ దారిన కీ వెస్ట్ వైపు పోయేవాళ్లు దాన్ని కుడికి ఉంచుకోవాలి. పసుపు చతురస్రమైతే ఎడమకి.

తెల్ల బోయామీద నారింజ రంగు డైమండ్ ఉంటే ప్రమాదం, అందులో అడ్డగీతలుంటే ప్రవేశం లేదు, వలయం ఉంటే వేగ పరిమితి లాంటి ఆంక్ష. దిబ్బల దగ్గర గుండ్రటి పసుపు బోయాలు రక్షిత ప్రాంతపు హద్దులు.

నీలిపట్టీ ఉన్న తెల్ల బోయా పడవ కట్టుకోడానికి. దిబ్బల దగ్గర ఇవి ఉచితం, ముందొచ్చినవాళ్లవి. గాలికి ఎదురుగా, నెమ్మదిగా చేరండి. బోయా తాడు కంటిలోంచి మీ తాడు దూర్చి, బాగా వదులిచ్చి కట్టండి. పొట్టిగా కడితే అల వచ్చిన ప్రతిసారీ పడవ బోయాని నీళ్లలోకి లాగుతుంది, అడుగున బిగించిన కొక్కెం వదులవుతుంది.

1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 10 హార్స్‌పవర్, ఆపై ఇంజనున్న బోటు నడపాలంటే బోటింగ్ కార్డు ఉండాలి. దాని బదులు తీసుకునే తాత్కాలిక సర్టిఫికెట్టు 90 రోజులు చెల్లుతుంది. గాలి బలంగా ఉన్న రోజున మాత్రం కార్డున్నా టూర్ బోటే ఎక్కండి.

అద్దె ఒప్పందంలో ముందు అడగాల్సింది: బోటు మెరకెక్కితే లాగించే ఖర్చెవరిది? నీళ్లు గోధుమరంగులో కనిపిస్తే లోతు లేనట్టే. ఇరుక్కుంటే ఇంజను రెచ్చగొట్టకండి, ప్రొపెల్లర్ సముద్రపు గడ్డిని చీల్చితే జరిమానా పడుతుంది. ఇంజను ఆపి, పైకెత్తి, పోటు వచ్చేదాకా ఆగండి, లేదా టోయింగ్ పడవని పిలవండి.