మా విశాఖ ఫొటో క్లబ్బు: కెమెరా కంటే ప్రింటుకే పెద్దపీట

కొత్తగా కెమెరా కొన్నవాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, మీ క్లబ్బులో చేరితే ఫొటోగ్రఫీ నేర్పిస్తారా?" నేర్పించరు. అపర్చర్ అంటే ఏమిటో, ఐఎస్‌ఓ ఎప్పుడు పెంచాలో బోర్డు మీద రాసి చెప్పే ఏర్పాటు ఇక్కడ లేదు. అంతవరకు కావాలంటే యూట్యూబ్ చాలు. మీరు తీసిన ఒక్క ఫొటో ముందు పాతికమంది కూర్చుని, అందులో ఏం కుదిరిందో ఏం కుదరలేదో మొహమాటం లేకుండా మాట్లాడాలని ఉంటే మాత్రం ఈ ఊళ్ళో ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. నేను ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. కొన్నేళ్ళుగా ఈ క్లబ్బులో సభ్యురాలిని. నచ్చినవీ నచ్చనివీ రెండూ రాస్తున్నాను.

ముందు వివరాలు. రెండో శనివారం సాయంత్రం ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తు హాల్లో మీటింగు. నాలుగో ఆదివారం తెల్లవారుజామున ఫొటోవాక్, అంటే అందరం కలిసి తిరుగుతూ ఫొటోలు తీయడం. ఏడాది చందా 1,200 రూపాయలు, విద్యార్థులకు అందులో సగం. హాలు అద్దె, ప్రొజెక్టరు, టీ ఖర్చు అందులోంచే. ఖరీదైన కెమెరా ఉండాలన్న రూలేమీ లేదు, ఫోనుతో వచ్చేవాళ్ళూ ఉన్నారు. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన పెద్దలు, పోర్టు ఉద్యోగులు, ఇంజనీరింగ్ పిల్లలు, ఇద్దరు డాక్టర్లు, బట్టల షాపు నడిపే ఆయన ఒకరు వస్తారు. పెళ్ళి ఫొటోలే జీవనాధారమైన కుర్రాళ్ళు కూడా, ముహూర్తాలు లేని నెలల్లో, తమకోసం తాము నాలుగు ఫొటోలు తీసుకోవాలని వస్తుంటారు.

క్లబ్బుకి ప్రాణం శనివారం మీటింగే. ప్రతి నెలా ఒక విషయం ఇస్తారు: వాన, చేతులు, గుమ్మం, ఇలా. దాని మీద ఒక్కొక్కరు ఒక్కటంటే ఒక్క ప్రింటు తేవాలి. ఫోన్లో చూపిస్తానంటే కుదరదు. ఏ4 కంటే చిన్నది పెట్టనివ్వరు. పేరు వెనకాల రాయాలి. ప్రింట్లన్నీ క్లిప్పులతో వరసగా తగిలించి, ఒక్కోదాని ముందుకు కుర్చీలు జరుపుకుంటాం. మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత అందరూ మాట్లాడవచ్చు, తీసినవాళ్ళు తప్ప. వాళ్ళ వంతు అన్నిటికన్నా చివర.

ఈ ఒక్క నియమం కోసమైనా చేరొచ్చంటాను. ఫొటో తీసినవాళ్ళకి ఆ రోజు చలి గుర్తుంటుంది, ఆ కొండెక్కిన ఆయాసం గుర్తుంటుంది. ఆ కథ ముందే చెప్పేస్తే వింటున్నవాళ్ళు దాన్నే ఫొటోలో చూడటం మొదలుపెడతారు. నోరు మూసుకుని కూర్చుంటే, కాగితం మీద నిజంగా ఏముందో అదే బయటపడుతుంది. ప్రింటే ఎందుకన్నదానికీ కారణం ఉంది. ఫోను తెర తనంతట తాను వెలుగుతుంది. కాగితం తన మీద పడిన వెలుతురునే తిరిగి ఇస్తుంది. తెర మీద బాగానే కనిపించిన నీడల్లోని వివరం కాగితం మీద నల్లగా ముద్దకట్టేస్తుంది. ఇంట్లో మానిటర్ వెలుగు బాగా పెంచుకుని ఎడిట్ చేసేవాళ్ళ ప్రింట్లన్నీ చీకటిగా వస్తాయి. ల్యాబ్‌ని తిట్టుకుని ఊరుకోకుండా, మానిటర్ తగ్గించుకుని, చిన్న టెస్ట్ ప్రింటు వేయించుకుని, తర్వాతే పెద్దది వేయించడం ఇక్కడ అందరికీ అలవాటయింది.

ఆ చర్చలు ఎలా సాగుతాయో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక ఆదివారం ఏటికొప్పాక వెళ్ళాం. యలమంచిలి దాటాక వరాహ నది ఒడ్డున ఉంటుంది, లక్కబొమ్మల ఊరు. ఆ బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ, గింజల నుంచీ ఆకుల నుంచీ బెరడు నుంచీ తీసిన రంగు కలిపిన లక్క పుల్లని దానికి ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాతి నెల మీటింగులో ఒకే పనివాడిని, ఒకే మూల నుంచి తీసిన రెండు ప్రింట్లు పక్కపక్కన వచ్చాయి. ఒక ఇంజనీరింగ్ కుర్రాడిది సెకనులో వెయ్యో వంతు షట్టర్, అంటే కెమెరాలోకి వెలుతురు వచ్చేది అంతసేపే. గాల్లోకి లేచిన పొట్టు ముక్కలతో సహా అన్నీ గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి, కానీ లేతు ఆగిపోయినట్టుంది. రెండోది స్టీల్‌ప్లాంట్ పెద్దాయనది, పదిహేనో వంతు. గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి తీశారట. పనివాడి ముఖం కదల్లేదు. కర్ర మాత్రం తిరుగుతోంది, లక్క తగిలిన చోట ఎరుపు ఒక పట్టీలా సాగింది.

హాలు రెండుగా చీలిపోయింది. పొట్టు ఎగురుతోంది కదా, కదలిక ఉన్నట్టే కదా అని కొందరు. ఎగిరే పొట్టు పని ఆనవాలే, తిరిగే కర్రే అసలు పని అని నేను వాదించాను, ఇప్పటికీ అదే అంటాను. ఒక డాక్టరుగారు వేరే సంగతి పట్టుకున్నారు: రెండిట్లోనూ పనివాడి కాళ్ళు ఫ్రేములో లేవు, అతను నేలమీద కూర్చుని పనిచేస్తున్నాడో బల్ల మీద కూర్చున్నాడో చూసేవాళ్ళకి తెలియదు అని. ఆ మాట మా ఎవరికీ తట్టలేదు. ఇలాంటి మాట ఒక్కటి దొరికినా ఆ శనివారం నాకు దక్కినట్టే.

ఫొటోవాక్‌లలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఫిషింగ్ హార్బర్. చీకటితో వెళ్ళాలి. మరబోట్ల నుంచి సరుకు దిగుతుంటుంది, జట్టీ మీద వేలంపాట, ఐసు కొట్టే చప్పుడు, చందువలూ వంజరాలూ రొయ్యలూ గంపల్లోకి ఎత్తుకునే ఆడవాళ్ళు. ఫొటోకి అక్కడ పెద్ద చిక్కు రంగు. స్తంభాల మీద కొన్ని పసుపు దీపాలు, కొన్ని తెల్ల ఎల్ఈడీలు, పైన తెల్లవారబోయే ఆకాశపు నీలం. మూడు రంగుల వెలుతురు ఒకే ముఖం మీద పడుతుంది. వెలుతురు రంగుని కెమెరాయే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్‌ని నమ్ముకుంటే ఒక్కో ఫ్రేము ఒక్కో రంగులో వస్తుంది. రా ఫైలు (కెమెరా సరిదిద్దకుండా ఉంచే అసలు ఫైలు) తీసుకుని, చేపల వెండిరంగు నిజంగా వెండిలా కనిపించేవరకు ఇంటికొచ్చి సరిచేసుకోమని సీనియర్లు కొత్తవాళ్ళకి చెప్తారు. నేవీ స్థావరం వైపు కెమెరా తిప్పకూడదని కూడా బయలుదేరే ముందే గట్టిగా చెప్తారు.

వేటనిషేధం రోజుల్లో వెళ్ళడం ఇంకా బాగుంటుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. బోట్లన్నీ ఒకచోట ఒరుసుకుని నిలబడి ఉంటాయి. వలలు బాగుచేసుకుంటారు, పలకలు మారుస్తారు, రంగులు వేస్తారు. మామూలు రోజుల్లో మనవైపు చూసే తీరికలేని వాళ్ళు అప్పుడు కాసేపు మాట్లాడతారు. చేతిలో ఆదాయం లేని కాలం కూడా అదే. కాబట్టి ముందు పలకరించి, కాసేపు కూర్చుని, ఆ తర్వాతే కెమెరా తీయాలన్నది మా క్లబ్బు కట్టుబాటు. దీన్ని పాటించనివాళ్ళని తర్వాతి వాక్‌కి రావద్దన్న సందర్భం ఉంది. అది సరైన పనే.

దీనికి జోడుగా ఇంకో కట్టుబాటుంది: ఎవరి ఫొటో తీస్తే వాళ్ళకి ప్రింటు తీసుకెళ్ళి ఇవ్వాలి. చిన్న సైజు ప్రింట్ల ఖర్చు క్లబ్బే భరిస్తుంది. అందుకే జట్టీ మీద మమ్మల్ని చూడగానే "ఏటమ్మా, మొన్న తీసిన బొమ్మ ఏదీ?" అని అడుగుతారు. అలా అడిగే హక్కు తమకుందని వాళ్ళకి తెలియడం నాకు ఎంతో నచ్చుతుంది. ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినానికి (1839లో డాగెరోటైపు అనే తొలినాళ్ళ ఫొటో పద్ధతిని ఫ్రాన్స్ ప్రపంచానికి వెల్లడించిన రోజు) క్లబ్బు ఏటా ప్రదర్శన పెడుతుంది. ఫొటోల్లో ఉన్నవాళ్ళకీ పిలుపు వెళ్తుంది. ఈమధ్య అలా వచ్చిన ఒక హార్బర్ ఆవిడ ఫొటో కింద రాసిన చేప పేరు తప్పని చెప్తే, సెక్రటరీగారు అక్కడికక్కడే పెన్నుతో కొట్టేసి ఆవిడ చెప్పిన పేరు రాశారు.

చలికాలంలో కొండకర్ల ఆవ అనే సరస్సుకి వెళ్తాం. రెండు తాటిదోనెలు జతకట్టిన పడవల్లో తామరాకుల మధ్యకి తీసుకెళ్తారు. ఆకుల మీద నడిచే జకానాలు, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, లకుముకి పిట్టలు. దూరపు పిట్టల్ని దగ్గరగా చూపే 300 ఎంఎం లెన్సు లేనివాళ్ళు ఆకులనీ పొగమంచునీ పడవవాళ్ళనీ తీసుకుంటే మంచిది. బయాలజీ టీచరుగా ఇక్కడ నాకో పట్టింపు ఉంది: గూడు దగ్గరికి పడవ తీసుకెళ్ళమనడం, ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టడం నేను సహించను. క్లబ్బు కూడా సహించదు. గూటి మీదున్న పిట్ట లేచిపోతే గుడ్లు ఎండకీ కాకులకీ దొరికిపోతాయి. గూటి ఫొటోలు ప్రదర్శనకి తీసుకోకూడదని తీర్మానం కూడా చేశారు.

ఆడవాళ్ళ సంగతి విడిగా రాయాలి. తెల్లవారుజామున కెమెరా పట్టుకుని ఒంటరిగా తిరగడం ఈ ఊళ్ళోనూ తేలిక కాదు. జట్టుతో వెళ్తే ఇంట్లోవాళ్ళకీ టెన్షన్ ఉండదు. చీకట్లో వచ్చే మహిళా సభ్యులని ఇంటి దగ్గర కారెక్కించుకునే బాధ్యత ఎవరో ఒకరికి ముందే అప్పగిస్తారు. నేను చేరిన కొత్తలో ఒక మీటింగులో రాజా దీన్ దయాళ్ మీద స్లైడ్లతో మాట్లాడారు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పేరు విన్నదే. కానీ ఆయన 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారనీ, దాన్ని ఒక ఆంగ్ల మహిళ నడిపారనీ అప్పుడే తెలిసింది. ఆ తర్వాత హోమాయ్ వ్యారావాలా గురించి నేనే ఒక శనివారం మాట్లాడాను. దేశంలో మొదటి మహిళా ఫొటో జర్నలిస్టు, 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఇలా ఎవరైనా చదువుకుని వచ్చి మాట్లాడతానంటే అరగంట ఇస్తారు. ఆ అరగంట కోసం నేను పుస్తకాలు తిరగేసినంతగా బి.ఎడ్‌లో కూడా తిరగేయలేదు.

ఇక నాకు నచ్చనివి. మొదటిది సెలూన్ల మోజు. ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ, ఫియాప్ (అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య) లాంటి సంస్థల గుర్తింపుతో జరిగే పోటీలని సెలూన్లంటారు. ఫొటో ఎంపికైతే యాక్సెప్టెన్స్. అవి తగినన్ని పోగైతే పేరు పక్కన ఏఎఫ్ఐఏపీ లాంటి బిరుదు అక్షరాలు పెట్టుకోవచ్చు. కష్టపడి సాధించినవాళ్ళంటే నాకు గౌరవమే. కానీ ఆ లెక్క తలకెక్కాక కొందరి ఫొటోలన్నీ ఒకేలా అయిపోతున్నాయి. తాతని కూర్చోబెట్టి బీడీ వెలిగించమనడం, గుడిసెలో పొగ వేయించి పైనుంచి వెలుతురు పట్టించడం, ముసలమ్మ చేతికి లాంతరు ఇవ్వడం. ఆ గుడిసెలో కరెంటుంది, ఆ అమ్మ చేతిలో ఫోనుంది. ఉన్నదాన్ని దాచేసి లేని పేదరికాన్ని తయారుచేసి పంపితే బహుమతులు రావచ్చు, నేను మాత్రం దాన్ని ఒప్పుకోను. మీటింగులోనూ ఈ మాట అన్నాను. కొందరు ముఖం ముడుచుకున్నారు, కొందరు బయటికొచ్చాక బాగా చెప్పారన్నారు. లోపలే చెప్పి ఉంటే బాగుండేది.

మోడల్ షూట్లు ఇంకో బాధ. అద్దె లైట్లు పెట్టి, ఒక అమ్మాయి చుట్టూ డజనుమంది గుమిగూడి, "మేడమ్ ఇటు, మేడమ్ ఇటు" అని అరవడం ఆ అమ్మాయికీ ఇబ్బందే, ఫొటోకీ నష్టమే. అందరి మెమరీ కార్డుల్లోనూ ఒకే ఫొటో మిగులుతుంది. ఇద్దరిద్దరుగా వంతులు పెట్టమని అడుగుతున్నాం.

హాలుకి లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు ఇద్దరు ఆ మెట్లు ఎక్కలేక రావడం మానేశారు. వాళ్ళ అనుభవం పోయాక మీటింగు పలచబడింది. చందా వంద రూపాయలు పెంచైనా సరే కిందిఅంతస్తు హాలు చూడమని కమిటీకి కాగితం మీద రాసి ఇచ్చాను. ఫొటోవాక్ ఎక్కడన్నది ఒక్కోసారి శనివారం రాత్రి పదికి చెప్తారు. ఇంట్లో వంటా పిల్లలూ చూసుకుని రావాల్సినవాళ్ళకి అది చాలదు. రెండ్రోజుల ముందు చెప్పడానికి ఏ ఖర్చూ అవదు. హార్బర్ లాంటి చోట్ల ఆడవాళ్ళకి టాయిలెట్ ఎక్కడుందో ముందే కనుక్కుని చెప్పడం కూడా వాక్ నడిపేవాళ్ళ పనే కావాలి.

చేరాలనుకునేవాళ్ళు చందా కట్టకుండా రెండు మీటింగులకి అతిథిగా రావచ్చు. కెమెరాతో పాటు వచ్చే మామూలు 18-55 లెన్సుతో ఇక్కడ దాదాపు అన్నీ తీయొచ్చు. కొత్త లెన్సు కొనాలనిపిస్తే ముందు సభ్యుల దగ్గర ఒక ఆదివారం అడిగి తీసుకోండి, ఇస్తారు. నేను నా 50 ఎంఎం అలా వాడి చూశాకే కొన్నాను. వచ్చే రెండో శనివారం విషయం "నీడ". ప్రింటు మ్యాట్ పేపరు మీద వేయించండి, ఆ హాల్లో ట్యూబ్‌లైట్లు గ్లాసీ కాగితం మీద మెరిసి సగం ఫొటో కనిపించనివ్వవు. వెనకాల పేరు పెన్సిలుతో రాయండి. పెన్ను గట్టిగా నొక్కితే అక్షరాలు ముందువైపుకి ఉబ్బుతాయి.