హస్తవాసి ఒక్కటే చాలదు: అనంతపురం సాయినగర్‌లో ఒక క్లినిక్ ల్యాబు

సాయినగర్‌లో ఆసుపత్రి బోర్డు లేని సందు వెతుక్కోవాలి. అందులో ఒక ఫిజీషియన్ క్లినిక్ వెనక గదిలో నడిచే ల్యాబు గురించి ఈ రివ్యూ. పేరు రాయడం లేదు. ఇందులోని బాగోగులు చూసుకుని ఏ ల్యాబునైనా బేరీజు వేసుకోవచ్చు. పొద్దున 8 నుంచి 10 లోపు రక్తం ఇచ్చేవాళ్లకు ఐదుకు నాలుగు మార్కులు. మధ్యాహ్నం పోయేవాళ్లకు రెండున్నర ఇవ్వడమే ఎక్కువ.

రక్తం తీసే కుర్చీకి రెండు పక్కలా చెయ్యి ఆనించుకునే పలకలు, ముందు ఒక అడ్డకమ్మీ ఉన్నాయి. సూది చూడగానే కళ్లు తిరిగేవాళ్లు ముందుకు పడకుండా ఆ కమ్మీ. ముందే చెబితే పక్క బల్ల మీద పడుకోబెట్టి తీస్తారు. పొద్దున డ్యూటీలో ఉండే సీనియర్ టెక్నీషియన్ పనితనం చూడదగ్గది. "పేరేమవ్వా? వయసెంత?" అని అడుగుతుంది గానీ, చీటీ చూసి "లక్ష్మమ్మేనా?" అనదు. అలా అడిగితే కళ్యాణదుర్గం నుంచి తొలి బస్సుకు వచ్చిన ముసలమ్మ వినబడకపోయినా ఊ కొడుతుంది. ట్యూబు మీద పేరు, టైము రాసేది రక్తం తీశాకే, మనిషి కుర్చీలోంచి లేవకముందే. ముందుగానే పేర్లు అంటించి వరసగా పేర్చిన ట్యూబులు కనబడితే ఆ ల్యాబు నుంచి లేచి రావడం మేలు.

పట్టీ మోచేతి మడతకు నాలుగు వేళ్ల పైన కడుతుంది, నిమిషం దాటనివ్వదు. అంతకు మించి బిగిస్తే నరంలోని నీరు బయటికి జారి రక్తం చిక్కబడుతుంది. ప్రొటీన్, కొలెస్ట్రాల్, కాల్షియం ఉన్నదానికన్నా ఎక్కువ పలుకుతాయి. గుప్పిట మూసి ఉంచమంటుంది, మూసి తెరిచి ఆడించమనదు. అలా ఆడిస్తే కండరాల్లోంచి పొటాషియం రక్తంలోకి వస్తుంది. స్పిరిట్ దూదితో తుడిచాక 30 సెకన్లు ఆరనిస్తుంది. తడి మీద గుచ్చితే మంట, పైగా ఎర్ర కణాలు పగిలే ప్రమాదం. సూది 21 గేజీ, కోసిన మొన పైకి, వాలు 30 డిగ్రీలు మించదు. మోచేతి మడత మధ్యలోని నరానికే మొదటి ప్రయత్నం. లోపలి అంచున ఉండే నరం పక్కనే ధమని, స్పర్శ తెలిపే నాడి ఉంటాయి కాబట్టి అటువైపు ఆఖరుకే పోతుంది. సన్న నరాలకు ఇంకా సన్నని 23 గేజీ బటర్‌ఫ్లై సూది, వెనక సన్న గొట్టం ఉండేది. రెండుసార్లు దొరక్కపోతే మూడోసారి తను గుచ్చదు, ఇంకొకరిని పిలుస్తుంది. తీశాక దూది పెట్టి చెయ్యి చాచే ఉంచమంటుంది. చెయ్యి మడిస్తే దూది సరిగా నొక్కదు, కమిలేది అందుకే. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు 5 నిమిషాలు నొక్కి పట్టుకోవాలి.

అసలు పరీక్ష ఒకే సూదితో నింపే ట్యూబుల వరసలో ఉంది. నీలం మూత, తర్వాత ఎర్ర లేదా పసుపు మూత, ఆ తర్వాత ఊదా, ఆఖరున బూడిద రంగు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ ఒక పొటాషియం లవణం. అది చుక్కంత సూదికి అంటి పసుపు ట్యూబులోకి పోయినా పొటాషియం ఆకాశానికి, కాల్షియం పాతాళానికి. అలాంటి రిపోర్టు పట్టుకుని మనిషి హాయిగా నడిచి వస్తే డాక్టరు ముందు అనుమానించాల్సింది ట్యూబునే. రక్తం గడ్డకట్టే వేగం చూసే ఐఎన్ఆర్ కోసం వాడే నీలం ట్యూబులో, గడ్డకట్టనివ్వని సిట్రేటు ఒక వంతుకు తొమ్మిది వంతుల రక్తం పడాలి. గీత దాకా నిండకపోతే ఐఎన్ఆర్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. బటర్‌ఫ్లై గొట్టంలోని గాలి ట్యూబులోకి పోయి రక్తం తగ్గుతుందని ఇక్కడ ముందు ఒక ట్యూబు తీసి పారేస్తున్నారు. జిల్లా కేంద్రంలో కూడా ఈ జాగ్రత్త అరుదు. ఊదా ట్యూబును 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేస్తారు, ఊపరు.

మధ్యాహ్నం కథ వేరు. కుర్రవాడు సిరంజితో లాగి, సూది తీయకుండానే రబ్బరు మూతలో గుచ్చి పిస్టన్ బలంగా నొక్కుతున్నాడు. కణాలు పగిలి సీరం (గడ్డకట్టిన రక్తం మీద తేలే పచ్చటి నీరు) గులాబీ రంగుకు తిరుగుతుంది. ట్యూబే నేరుగా రక్తం లాక్కునే వ్యాక్యూమ్ సూది దొరక్కపోతే సూది ఊడదీసి, మూత తెరిచి, ట్యూబు గోడ వెంట జారవిడవాలి. పాడైన శాంపిల్‌ను పక్కన పెట్టి మళ్లీ రమ్మనడం మానేసి "కొద్దిగా హీమోలైసిస్" (కణాలు పగిలాయి) అని కింద రాసి రిపోర్టు ఇచ్చేస్తున్నారు. ఆ కాగితంలో పొటాషియం, ఎస్‌జీఓటీ (కాలేయ పరీక్ష) అంకెలు చదవకపోవడమే మంచిది.

షుగర్ విషయంలో పేషెంట్ల పొరపాట్లే ఎక్కువ. పరగడుపు అంటే 8 గంటలు ఏమీ తినకుండా ఉండడం, మంచినీళ్లు మానడం కాదు. నీళ్లు తాగకపోతే నరం కనబడదు. తిన్నాక చూసే షుగర్‌కు (పీఎల్‌బీఎస్) రెండు గంటలు లెక్క ఉగ్గాని తిని చెయ్యి కడుక్కున్నాక కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. ట్యూబులో ఊరికే ఉంచిన రక్తంలో కణాలు చక్కెరను గంటకు 5 నుంచి 7 శాతం తినేస్తాయి, గది వేడెక్కితే ఇంకా. బూడిద మూతలోని ఫ్లోరైడు దాన్ని ఆపుతుంది గానీ పూర్తిగా పట్టు బిగించడానికి గంటా రెండు గంటలు పడుతుంది. పొద్దున ఇక్కడ అరగంటలోపే, తిప్పి కణాలను విడదీసే సెంట్రిఫ్యూజ్‌లో వేస్తున్నారు. మధ్యాహ్నం పది ట్యూబులు పోగయ్యేదాకా స్టాండులోనే. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

షుగర్ చూసే మెషిన్ సెమీ ఆటో, అంటే కొలిచి పోసేది చేత్తోనే. 10 మైక్రోలీటర్ల సీరం, 1000 మైక్రోలీటర్ల రీఏజెంటు (పరీక్ష ద్రవం), 37 డిగ్రీల వేడి, 505 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగు. పిపెట్‌లో ఒక్క మైక్రోలీటరు తక్కువ పడితే 200 ఉన్న షుగర్ 180 అవుతుంది. అందుకే గోడ మీద రోజువారీ కంట్రోల్ చార్టు (విలువ ముందే తెలిసిన శాంపిల్‌తో మెషిన్‌ను సరిచూసిన లెక్క) ఉందా అని చూడాలి. ఇక్కడ ఉంది, ఖాళీలు లేకుండా నింపి ఉంది. ఒక మార్కు దానికే.

సీబీపీ (రక్తకణాల లెక్క) మీద నమ్మకం పెట్టవచ్చు. ప్లేట్‌లెట్లు లక్ష లోపు వస్తే గాజుపలక మీద రక్తం పలచగా పూసి (స్మియర్) మైక్రోస్కోపులో చూశాకే రిపోర్టు ఇస్తున్నారు. కొందరి ప్లేట్‌లెట్లు ఈడీటీఏలో గుత్తులు కడతాయి, మెషిన్ వాటిని లెక్కలోకి తీసుకోదు. డెంగీ రోజుల్లో ఆ ఒక్క అంకె ఇంటిల్లిపాదినీ బెంగళూరుకు పరుగెత్తిస్తుంది. దీనికి తలకిందులుగా ఐరన్ బాగా తగ్గిన ఆడవాళ్లలో సైజు తగ్గిన ఎర్ర కణాలను మెషిన్ ప్లేట్‌లెట్లుగా లెక్కేసి ఎక్కువ చూపవచ్చు. హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే దాదాపు పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) రావాలి, రాకపోతే ఎక్కడో తేడా ఉంది.

ఈఎస్ఆర్ (ఎర్ర కణాలు గంటలో ఎంత కిందికి దిగుతాయో చూసే పరీక్ష) స్టాండు కిటికీ పక్కన ఎండ తగిలేచోట పెట్టారు. వేడికి అంకె పెరుగుతుంది. గొట్టం 3 డిగ్రీలు వాలినా 30 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. స్టాండు లోపలికి జరపడానికి పైసా ఖర్చు కాదు.

జ్వరం అనగానే చీటీలో విడాల్ (టైఫాయిడ్ యాంటీబాడీల పరీక్ష) రాయడం ఈ వీధి మొత్తానికి పట్టిన జబ్బు. టైఫాయిడ్‌కు యాంటీబాడీలు పెరగడానికి వారం పడుతుంది. రెండో రోజు చేసిన స్లైడు విడాల్‌తో తేలేదేమీ లేదు, పాజిటివ్ వచ్చినా పాత జ్వరం గుర్తు కావచ్చు. మొదటి వారంలో చేయాల్సింది యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష). అది ఈ ల్యాబులో లేదు, సీసాలు కూడా పెట్టుకోలేదు.

థైరాయిడ్, విటమిన్ డి సాయంత్రం బయటి ల్యాబుకు పోతాయి. జెల్ ట్యూబు (పసుపు మూతది) 30 నిమిషాలు గడ్డకట్టనిచ్చి, 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఐసు గడ్డ నేరుగా తగలకుండా కాగితం చుట్టి పెట్టెలో సర్దుతున్నారు. సరైన పద్ధతే. వాడిన సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా, దూదికి పసుపు సంచి ఉన్నాయి. సూదికి మళ్లీ మూత పెట్టడం, వేలికి గుచ్చుకునే అలవాటు, పొద్దున కనబడదు, మధ్యాహ్నం కనబడుతుంది.

సోమవారం రద్దీ విపరీతం, మంగళవారం నుంచి 8 గంటలకే పోతే పది నిమిషాల్లో పని అవుతుంది. రేట్లు వీధిలో అందరివే. ఫోన్‌పే తీసుకుంటారు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు.