పెద్దక్షరాల రిఫరెన్సు బైబిలు: అనంతపురంలో కొన్న ప్రతిపై సమీక్ష

మా సంఘపు స్త్రీల కూడికలో చదువుకోవడానికి అనంతపురంలోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో పెద్దక్షరాల తెలుగు బైబిలు కొన్నాము. పేజీ నడుమ రిఫరెన్సుల వరుస (ఒక వచనానికి సంబంధించిన ఇతర వచనాలు బైబిలులో ఎక్కడున్నాయో చూపే అంకెలు), చివర కొన్ని పటాలు, చిన్న పదసూచిక ఉన్నాయి. అనువాదం సంఘాలలో అందరికీ అలవాటైన పాతదే.

ఈ ప్రతికి విలువ తెచ్చినవి ఆ రిఫరెన్సులే. కొత్త సంవత్సరపు ఆరాధనలో పంచే వాగ్దానపు కార్డుల మీద మత్తయి 6:33లోని రెండవ సగం, అంటే అవన్నీ మీకు అనుగ్రహింపబడునన్న మాట, పెద్దగా కనిపిస్తుంది. దేవుని రాజ్యాన్నీ నీతినీ మొదట వెదకాలన్న మొదటి సగానికి ఎందుకో తరచుగా చోటు చాలదు. ఇక్కడ ఆ వచనం పక్కనున్న గుర్తును పట్టుకొని వెళ్తే, గిబియోనులో ఐశ్వర్యాన్ని కాక ప్రజలకు న్యాయం తీర్చే వివేకాన్ని కోరిన సొలొమోను, అడగని ఐశ్వర్యాన్ని కూడా పొందిన ఘట్టం మొదటి రాజులు 3లో దొరుకుతుంది. లూకా 12కు వెళ్తే, తిండిని గురించీ బట్టను గురించీ చింతించవద్దన్న అదే బోధ, ఉన్నదానిని అమ్మి ధర్మం చేయమన్న ఆజ్ఞ వరకు సాగుతుంది. దేవుడు సమకూరుస్తాడని నమ్మినవారు ఇతరులకు ఇవ్వడానికి జంకకూడదన్న ఈ మాటను నేను ఏ వాగ్దానపు కార్డు మీదా చూడలేదు.

అంతకంటే మేలు రోమా 1:17 దగ్గర జరిగింది. నీతిమంతుడు విశ్వాసము వలన జీవిస్తాడని పౌలు ఎత్తి చూపిన మాటకు మూలం హబక్కూకు 2:4 అని రిఫరెన్సు చూపుతుంది; అక్కడికి వెళ్లినవారు మరికొంత చదివితే, అంజూరపు చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో గొఱ్ఱెలు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న ప్రవక్త ప్రార్థన 3వ అధ్యాయంలో ఎదురవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే జిల్లాలో, శెనక్కాయ విత్తి మబ్బుల కోసం చూసే ఇళ్లవారికి ఈ వచనాలను విడమరచి చెప్పనక్కరలేదు. పంట పోయిన ఏడు కూడా దేవుడు నీతిమంతుడేనని ఒప్పుకోవడం ఎంత కష్టమో, ఆ ఒప్పుకోలు లేని విశ్వాసం ఎంత పలుచనో మా కూడికలో చాలాసేపు మాట్లాడుకున్నాము.

లోపాలు లేకపోలేదు. వచనాలు పెద్దక్షరాలలో ఉన్నా రిఫరెన్సుల అంకెలు మరీ చిన్నవి. వయసు మళ్లినవారికని అమ్మే ప్రతిలో ఇది చిన్న లోపం కాదు. కాగితం పలుచన కావడంతో వెనుక పేజీ అక్షరాలు తేలి కనిపిస్తాయి. బరువు కూడా ఎక్కువే గనుక గృహకూడికలకు మోసుకుపోవడం కష్టం. ఇంగ్లీషు మీడియం పిల్లలు పాత భాష దగ్గర తడబడతారు. వారికి వాడుక భాషలోని అనువాదం వేరుగా తీసుకోవాలి. వాక్యం చెప్పేవారికీ, బైబిలు స్టడీ నడిపేవారికీ ఈ ప్రతిని సిఫారసు చేస్తాను గాని, దుకాణంలోనే ఏదైనా ఒక పేజీ తెరిచి, నడుమనున్న అంకెలు తమ కంటికి ఆనుతున్నాయో లేదో చూసుకొన్న తరువాతే డబ్బు చెల్లించాలి.